యూనిట్ 9: ప్రామాణిక లైబ్రరీలో వ్యాఖ్యల పరిష్కరణ – ఓకామెల్ ‘లిస్ట్’ మాడ్యూల్‌పై ఒక విమర్శ

9.1 పరిచయం

గత యూనిట్లలో మీరు ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ మూలసూత్రాలనూ, ఓకామెల్ భాషలో లిస్టుల మీద పనిచేసే ముఖ్యమైన ఫంక్షన్లనూ చదివారు. ఈ యూనిట్‌లో కొత్త ఫంక్షన్ ఏదీ నేర్పటం లేదు. ఆ ఫంక్షన్ల పక్కనే రెండు మూడు వాక్యాల్లో ఉండే వివరణలనే ఒక రచనగా తీసుకొని పరిశీలిస్తాం. వాటిని కాలక్రమంలో ఎవరెవరో దిద్దుతూ వచ్చారు. ఆ దిద్దుబాట్లలో ఏది మేలు చేసింది, ఏది అసంపూర్తిగా మిగిలింది అన్నది ఇక్కడి ప్రశ్న. ఫంక్షన్ల పేర్లను వాటి ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో ఇచ్చాం. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు అసలు పేర్లను మీ ప్రయోగశాల పుస్తకంలో చూసుకోగలరు.

ఓకామెల్ ఫ్రాన్సులోని ఇన్రియా పరిశోధన సంస్థలో పుట్టిన భాష. దాని మాతృక అయిన కామెల్ 1987లో, ఆబ్జెక్టివ్ కామెల్ 1996లో వెలువడ్డాయి. ఈ భాషలో వలయపు బ్రాకెట్ పక్కన ఒక నక్షత్ర గుర్తు పెడితే అది మామూలు వ్యాఖ్య. ప్రోగ్రామ్ రాసినవారికీ, దాన్ని తెరిచి చూసేవారికీ తప్ప అది ఎవరికీ కనిపించదు. రెండు నక్షత్రాలు పెడితే అది డాక్యుమెంటేషన్ వ్యాఖ్య అవుతుంది. ఒక ప్రత్యేక సాధనం దాన్ని ఏరి, మనం చదివే మాన్యువల్ పుటగా మారుస్తుంది. అంటే ఒక్క నక్షత్రం తేడాతో సొంత నోట్సు బహిరంగ ప్రకటన అవుతుంది. అది తప్పుచోట పడితే, దేనికి చెందిందో తెలియటం లేదని హెచ్చరించే ఏర్పాటు కూడా కంపైలర్‌లో ఉంది. వ్యాఖ్యలను కంపైలర్ పట్టించుకోదని మొదటి పాఠాల్లో చదువుకున్న మాటను ఈ మేరకు సవరించుకోవాలి.

వ్యాఖ్యలను దిద్దే పనిని చాలామంది ఇల్లు ఊడ్చే పనిలా చూస్తారు. కోడ్ మారదు, ఫలితం మారదు, కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. తాళపత్ర ప్రతులను పరిష్కరించినవారి అనుభవం ఇందుకు భిన్నం. లేఖకుడి తప్పనుకొని దిద్దిన మాటే కొన్నిసార్లు కవి ఉద్దేశించిన పాఠమని తరువాత తేలుతుంది. ప్రామాణిక లైబ్రరీ విషయంలో పొరపాటు ధర ఇంకా ఎక్కువ. ఆ వాక్యాన్ని నమ్మి రాసిన ప్రోగ్రాములు ఎక్కడో నడుస్తూ ఉంటాయి, వాటిని రాసినవారికి దిద్దుబాటు సంగతి తెలియదు.

9.2 తీసివేసిన రెండక్షరాలు

లిస్టులోని మొదటి మూలకాన్ని ఇచ్చే ఫంక్షన్ ‘హెచ్‌డి’. ఖాళీ లిస్టుకు మొదటి మూలకం ఉండదు కాబట్టి అది ‘ఫెయిల్యూర్’ అనే ఎక్సెప్షన్‌ను లేవనెత్తుతుంది. ఈ ఎక్సెప్షన్ తనతో ఒక స్ట్రింగ్‌ను మోసుకొస్తుంది. పాత వివరణలో ఆ స్ట్రింగ్ ఏమిటో కూడా రాసి ఉండేది: కొటేషన్ గుర్తుల మధ్య ‘హెచ్‌డి’ అనే పేరే. ‘టిఎల్’కూ అంతే. ‘ఎన్త్’ విషయంలో రెండు సందర్భాలుండేవి. లిస్టు చాలనంత చిన్నదైతే ‘ఫెయిల్యూర్’, దానితో ‘ఎన్త్’ అనే స్ట్రింగ్. అడిగిన స్థానం రుణసంఖ్య అయితే ‘ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్’, దానితో ‘లిస్ట్ చుక్క ఎన్త్’ అనే స్ట్రింగ్.

తరువాతి దిద్దుబాట్లలో రెండు పనులు జరిగాయి. మామూలు వాక్యంగా ఉన్న భాగాన్ని ‘రెయిజ్’ అనే ట్యాగ్ కిందికి మార్చారు. స్ట్రింగ్‌ను తీసేసి, ఖాళీ లిస్టయితే ‘ఫెయిల్యూర్’ వస్తుందని మాత్రమే ఉంచారు.

మొదటిది నిజంగా సర్దుబాటే. ట్యాగ్ ఉంటే మాన్యువల్ తయారుచేసే సాధనం ఆ భాగాన్ని గుర్తించి అన్ని ఫంక్షన్లకూ ఒకే తీరులో చూపుతుంది. వెతికేవారి కన్ను ప్రతి పుటలోనూ ఒకే చోటికి వెళుతుంది. రెండవది అలాంటిది కాదు. కోడ్‌లో ఆ స్ట్రింగ్ అలాగే ఉంది, ఖాళీ లిస్టు ఇస్తే పాత సందేశమే వస్తుంది. మారింది వాగ్దానం. పాత వివరణ చదివినవారు ‘ఫెయిల్యూర్ వచ్చి, దానిలోని స్ట్రింగ్ హెచ్‌డి అయితే’ అని ప్యాటర్న్ రాసుకోవచ్చు. అందులో వారి తప్పేమీ లేదు, మాన్యువలే ఆ స్ట్రింగ్ చెప్పింది. కొత్త వివరణ ప్రకారం అలా రాయటం వివరణలో లేని విషయంపై ఆధారపడటం అవుతుంది.

ఈ మార్పు సరైనదేనని నా అభిప్రాయం. కారణం ఆచరణలో కనిపిస్తుంది. ఒక ప్రోగ్రామ్‌లో పది చోట్ల ‘హెచ్‌డి’ వాడారనుకోండి. వచ్చిన ‘ఫెయిల్యూర్’ ఏ చోటి నుంచి వచ్చిందో ఆ రెండక్షరాల స్ట్రింగ్ చెప్పలేదు. మరో లైబ్రరీలోని మరో ‘హెచ్‌డి’ కూడా అదే స్ట్రింగ్ పంపవచ్చు. పైగా దాన్ని వాగ్దానంగా ఉంచితే, మరింత స్పష్టమైన సందేశం పెట్టే స్వేచ్ఛను లైబ్రరీవారు ఎప్పటికీ కోల్పోతారు. ఓకామెల్ కంపైలర్ ఈ ఉద్దేశాన్ని ఒక హెచ్చరికగా కూడా అమలు చేస్తుంది. ‘ఫెయిల్యూర్’, ‘ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్’ వంటివాటి లోపలి స్ట్రింగ్‌ను ప్యాటర్న్‌లో నేరుగా రాస్తే, అది సమాచారం కోసమే, రేపు మారవచ్చు అని గుర్తుచేస్తుంది. దీని సంఖ్య 52. వివరణ ఒకటి చెప్పి కంపైలర్ దానికి విరుద్ధంగా హెచ్చరిస్తే చదివేవారు దేన్ని నమ్మాలి? దిద్దుబాటు ఆ వైరుధ్యాన్ని తొలగించింది.

అయితే ఒక లోటు ఉంది. స్ట్రింగ్ తీసేశారు, కానీ దాని మీద ఆధారపడవద్దని ‘హెచ్‌డి’ పక్కన చెప్పలేదు. పాత పుట చదివినవారికి, పాత పాఠ్యపుస్తకంతో నేర్చుకున్నవారికి, మాట మాయమైందన్న సంగతి కొత్త పుట చూస్తే తెలియదు. లేని వాక్యాన్ని ఎవరూ గమనించరు. వాగ్దానాన్ని ఉపసంహరించుకున్నప్పుడు ఆ సంగతి మాటల్లో చెప్పాలి.

9.3 ఒకే మాట రెండుసార్లు

‘సార్ట్’ వివరణ ఈ మాడ్యూల్‌లోకెల్లా పొడవైనవాటిలో ఒకటి. మొదట పోలిక ఫంక్షన్ ఎలా ఉండాలో చెబుతుంది: సమానమైతే 0, మొదటిది పెద్దదైతే ధనసంఖ్య, చిన్నదైతే రుణసంఖ్య ఇవ్వాలి. తరువాత, ఫలితపు లిస్టుకు కావలసిన చోటు కాక అదనంగా వాడే హీప్ స్థలం స్థిరంగా ఉంటుందనీ, స్టాక్ వాడకం లాగరిథమ్ ప్రమాణంలో ఉంటుందనీ హామీ ఇస్తుంది. ఆ వెంటనే, ప్రస్తుతం మెర్జ్ సార్ట్ వాడుతున్నామని చెప్పి, హీప్ స్థిరం, స్టాక్ లాగరిథమ్ అని మళ్లీ అంటుంది.

ఎరుపు సిరా పట్టుకున్న ఎవరికైనా ఇది పునరుక్తిలా కనిపిస్తుంది. అలంకార శాస్త్రంలో పునరుక్తి దోషం కూడా. రెండవదాన్ని కొట్టేయాలనిపించటం సహజం. కానీ మొదటి వాక్యంలోని క్రియకూ రెండవ వాక్యంలోని క్రియకూ తేడా ఉంది. మొదటిది హామీ: రేపు మెర్జ్ సార్ట్ తీసి మరో పద్ధతి పెట్టినా ఈ మాట నిలబడాలి. రెండవది నేటి స్థితి: ఇప్పుడున్న పద్ధతి ఇది, దాని లక్షణాలు ఇవి. రెండింటిని కలిపి ఒకే వాక్యం చేస్తే, మెర్జ్ సార్ట్ కూడా హామీలో భాగమన్న అర్థం వస్తుంది. లేదా హామీ కాస్తా ఇవాళ్టి వర్ణనగా దిగజారుతుంది.

ఈ తేడా ఎంత ముఖ్యమో పక్కనున్న ‘స్టేబుల్ సార్ట్’ చూపుతుంది. సమానమైన మూలకాలు తమ అసలు క్రమంలోనే ఉంటాయని అది హామీ ఇస్తుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. హాల్ టికెట్ నంబర్ల వరుసలో ఉన్న విద్యార్థుల లిస్టును మార్కుల ప్రకారం అమర్చాలి. 62 మార్కులు నలుగురికి వచ్చాయి. ఆ నలుగురూ మళ్లీ హాల్ టికెట్ వరుసలోనే రావాలంటే ‘స్టేబుల్ సార్ట్’ వాడాలి. ‘సార్ట్’ వాడితే? ఇవాళ సరిగ్గా అదే ఫలితం వస్తుంది. లైబ్రరీ కోడ్ తెరిచి చూస్తే ‘సార్ట్’ అనేది ‘స్టేబుల్ సార్ట్’కే పెట్టిన మరో పేరు. మూడవదైన ‘ఫాస్ట్ సార్ట్’ కూడా అంతే. దాని వివరణ మాత్రం, సాధారణ ఇన్‌పుట్ మీద ఆ రెండింటిలో ఏది వేగమైతే అది అని చెప్పి ఊరుకుంటుంది.

ఇప్పుడు ఒక దిద్దరి వచ్చి, మూడూ ఒకటే కదా, ఒకే వివరణ రాసి మిగతా రెండుచోట్ల ‘పైన చూడండి’ అందాం అంటే ఏమవుతుంది? కోడ్ ప్రకారం అతను చెప్పింది నిజమే. అయినా అతని దిద్దుబాటు తప్పు. మూడు పేర్లూ మూడు వేర్వేరు ఒప్పందాలు. ఇవాళ ఒకే ఫంక్షన్ మూడు ఒప్పందాలనూ నెరవేరుస్తోంది, అంతే. కోడ్ చూసి వ్యాఖ్య రాస్తే, ఉన్నదంతా వాగ్దానమైపోతుంది. ‘కోడే సత్యం, వ్యాఖ్యలు దాని నీడ’ అని తరచూ వినిపించే మాటకు ఈ మూడు వరుసలే జవాబు. కోడ్ ఇప్పుడు ఏం జరుగుతుందో చెబుతుంది. ఎప్పటికీ ఏది మారదో చెప్పే శక్తి దానికి లేదు.

‘సార్ట్’ వివరణ మీద నాకున్న ఫిర్యాదు పునరుక్తి కాదు, మౌనం. ‘సార్ట్’ స్థిరక్రమాన్ని వాగ్దానం చేయదన్న మాట అక్కడ నేరుగా లేదు. ‘స్టేబుల్ సార్ట్’ అని పక్కన ఒకటి ఉంది కాబట్టి ఇది అలాంటిది కాదేమో అని చదువరి ఊహించుకోవాలి. ప్రయోగం చేసి చూస్తే ఆ ఊహ తప్పని తోస్తుంది కూడా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

పైన చెప్పిన మార్కుల లిస్టును ‘సార్ట్’తో అమర్చిన ప్రోగ్రామ్ పది సంవత్సరాలుగా సరిగా పనిచేస్తోంది. ఇది ఆ ప్రోగ్రామ్ సరైనదనటానికి ఆధారమా? తదుపరి విభాగం చదివే ముందు మీ జవాబు నాలుగైదు వాక్యాల్లో రాయండి.

9.4 ‘టెయిల్ రికర్సివ్ కాదు’ అన్న ముద్ర

లిస్ట్ మాడ్యూల్‌లో ఎక్కువసార్లు కనిపించిన వాక్యం ఇదే. ‘మ్యాప్’, ‘అపెండ్’, ‘ఫోల్డ్ రైట్’, ‘కంబైన్’, ‘స్ప్లిట్’, ఇంకా చాలావాటి చివర ఈ హెచ్చరిక ఉండేది. రికర్షన్ యూనిట్‌లో చదివినదాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. ‘మ్యాప్’ను సహజంగా రాస్తే, మొదటి మూలకానికి ఫంక్షన్‌ను వర్తింపజేసి, మిగతా లిస్టు ఫలితం వచ్చేదాకా ఆగి, దాన్ని తోకగా తగిలించాలి. ఆగటానికి స్టాక్‌లో చోటు కావాలి. లిస్టు ఎంత పొడవైతే స్టాక్ అంత లోతు.

మాడ్యూల్ ఆరంభంలో ఈ ముద్రకు ఒక వివరణ ఉంది. టెయిల్ రికర్సివ్ అయితే స్టాక్ వాడకం స్థిరం, కాకపోతే లిస్టు పొడవుకు అనుపాతం. ఒకటి కంటే ఎక్కువ లిస్టులు తీసుకునే ఫంక్షన్లకు బ్రాకెట్లలో ఒక సుమారు సూత్రం ఇస్తామంటుంది. మీ లిస్టులు దాదాపు 10,000 మూలకాలకు మించకపోతే ఇదంతా సాధారణంగా పట్టించుకోనక్కరలేదని ముగిస్తుంది. ఇది మంచి వచనం. కారణం, పర్యవసానం, ఎప్పుడు భయపడనక్కరలేదో మూడూ చెబుతుంది. లైబ్రరీ వివరణల్లో అరుదుగా దొరికే మూడవ అంశం ఇక్కడ ఉంది.

తరువాత కోడ్ కదిలింది. 2022లో వచ్చిన 4.14 విడుదలలో కంపైలర్‌కు కొత్త సామర్థ్యం చేరింది. ముందుగా లిస్టు గదిని కట్టి, తోక స్థానాన్ని ఖాళీగా ఉంచి, మిగతా పని ఆ ఖాళీని నింపేలా సాగనిస్తుంది. ఇక వెనక్కి వచ్చి తగిలించటానికి ఆగనక్కరలేదు, స్టాక్ పెరగదు. 2023లో వచ్చిన 5.1 విడుదలలో ‘మ్యాప్’, ‘అపెండ్’ వంటి ఫంక్షన్లను ఈ పద్ధతిలోకి మార్చారు. ఆ రోజుతో వాటి పక్కనున్న హెచ్చరిక అబద్ధమైంది.

కోడ్ మారినప్పుడు వ్యాఖ్య కూడా మారిందా అన్నది పరిష్కరణకు అసలు పరీక్ష. ఇక్కడ మారింది. అందులోనూ ‘అపెండ్’ వద్ద చేసిన తీరు మెచ్చదగినది. హెచ్చరికను ఊరికే తుడిచేయకుండా, 5.1 నుంచి ఈ ఫంక్షన్ టెయిల్ రికర్సివ్ అని ‘సిన్స్’ ట్యాగ్‌తో రాశారు. ఈ ట్యాగ్ మామూలుగా ఒక ఫంక్షన్ ఏ విడుదలలో చేరిందో చెప్పటానికి వాడతారు: ‘ఫైండ్ ఆప్ట్’ 4.05లో, ‘ఇనిట్’ 4.06లో, ‘ఫిల్టర్ మ్యాప్’ 4.08లో చేరాయి. ఒక లక్షణం ఏ నాటి నుంచి ఉందో చెప్పటానికి అదే ట్యాగ్ వాడటం ట్యాగ్ నియమానికి కొంచెం పక్కకు పోవటమే. నియమనిష్ఠ గల దిద్దరి దీన్ని సరిచేయబోతాడు. సరిచేయకూడదు. కళాశాల ప్రయోగశాలలోనో, పాత లినక్స్ పంపిణీలోనో 4.08 నడుపుతున్న విద్యార్థి ఇంటర్నెట్‌లో దొరికే తాజా మాన్యువల్ చదువుతాడు. ‘అపెండ్’ పుటలోని ఆ ఒక్క వరుసే, ఈ భద్రత నీ యంత్రం మీద లేదు అని అతనికి చెబుతుంది. హెచ్చరికను ఆనవాలు లేకుండా తుడిచిన ప్రతిచోటా, పాత కంపైలర్ వాడేవారికి కొత్త మాన్యువల్ తప్పుదారి చూపుతుంది.

ఇక ఆ 10,000 సంగతి. ఓకామెల్ 4లో నేటివ్ ప్రోగ్రామ్ స్టాక్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చేది. లినక్స్‌లో అది సాధారణంగా 8 మెగాబైట్లు. అప్పటికే 10,000 అన్నది చాలా జాగ్రత్తగా చెప్పిన అంకె. ఓకామెల్ 5 నుంచి స్టాక్‌ను రన్‌టైమ్ తానే నిర్వహిస్తుంది. 64 బిట్ల యంత్రాల మీద దాని డిఫాల్ట్ పరిమితి 1 గిగాబైట్. ఫంక్షన్ల పక్కనున్న ముద్రలు చాలావరకు పోయాయి, కింద నేల మారింది, మాడ్యూల్ నుదుటనున్న అంకె మాత్రం పాత కాలానిదే. వాక్యాలు ఒక్కొక్కటిగా దిద్దేవారికి ఎదురయ్యే చిక్కు ఇదే: ప్రతి ఫంక్షన్ దగ్గర వ్యాఖ్యను సరిచూస్తారు, ఏ ఒక్క ఫంక్షన్‌కూ చెందని ఉపోద్ఘాతం ఎవరి వంతుకూ రాదు.

ఆ అంకెను పెంచమని నేననను. పెంచితే అదీ ఒకనాటికి పాతబడుతుంది. అంకె ఏ యంత్రానికి, ఏ స్టాక్ పరిమితికి వర్తిస్తుందో చెప్పి ఉంటే అది వయసును దాచుకునేది కాదు. ధాన్యం ధర రాసినప్పుడు ఏ సంవత్సరమో రాయకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

9.5 చెప్పకుండా వదిలిన క్రమం

‘ఇనిట్’ ఫంక్షన్ ఒక పొడవునూ, ఒక ఫంక్షన్‌నూ తీసుకొని లిస్టు నిర్మిస్తుంది. విలువలను ఎడమ నుంచి కుడికి లెక్కిస్తుందని దాని వివరణలో స్పష్టంగా ఉంది. ‘ఇటర్’ ఒకదాని తరువాత ఒకటిగా నడుస్తుందని దాని సమీకరణమే చెబుతుంది. హ్యాష్ టేబుల్ మాడ్యూల్‌లోని ‘ఇటర్’ మరో మర్యాద పాటించింది: జతలు ఏ క్రమంలో వస్తాయో నిర్దేశించటం లేదు అని తేటగా అంటుంది.

మరి లిస్ట్ ‘మ్యాప్’? ఫలితపు లిస్టులో ఏ విలువ ఎక్కడ ఉంటుందో చెబుతుంది. ఆ విలువలను ఏ వరుసలో లెక్కిస్తుందో చెప్పదు. మనమిచ్చే ఫంక్షన్ శుద్ధమైనదైతే, అంటే గణితంలోని ప్రమేయంలా ఇన్‌పుట్‌ను బట్టి విలువ ఇచ్చి ఊరుకునేదైతే, ఈ ప్రశ్నే పుట్టదు. కానీ ఓకామెల్‌లో ఫంక్షన్లు తెర మీద ముద్రించగలవు, ఫైలు చదవగలవు, ఒక లెక్కింపును ఒకటి పెంచగలవు. లిస్టులోని పేర్లకు వరుస సంఖ్యలు వేసే ఫంక్షన్‌ను ‘మ్యాప్’కు ఇస్తే మొదటి పేరుకు 1 వస్తుందా, చివరి పేరుకు 1 వస్తుందా?

కోడ్ చూస్తే ఎడమ నుంచే మొదలవుతుంది. మొదటి మూలకం ఫలితాన్ని ఒక పేరుకు కట్టి, ఆ తరువాతే ముందుకు సాగేలా రాశారు. అలా ప్రత్యేకంగా కట్టటానికి కారణముంది. ఒక ఫంక్షన్‌కు ఇచ్చే ఆర్గ్యుమెంట్లను ఏ వరుసలో లెక్కించాలో ఓకామెల్ భాష నిర్దేశించదు. కట్టకపోతే తోక ముందు లెక్కించబడే అవకాశం ఉంది. కోడ్ రాసినవారు క్రమం గురించి ఆలోచించారు. వ్యాఖ్య రాసినవారు దాన్ని వాగ్దానం చేయదలచుకోలేదు, లేదా ఆ ఆలోచనే రాలేదు. ఈ రెండింటిలో ఏదో పుట చదివితే తెలియదు. అదే దాని లోపం.

దీన్ని దిద్దాలంటే రెండు దారులున్నాయి. ‘ఇనిట్’లా వాగ్దానం చేయవచ్చు, హ్యాష్ టేబుల్‌లా నిరాకరించవచ్చు. నాకైతే మొదటిదే మేలనిపిస్తుంది. దానిమీద ఆధారపడిన ప్రోగ్రాములు ఇప్పటికే ఉంటాయి, వాటిని విరిచే ధైర్యం ఏ లైబ్రరీ నిర్వాహకుడికీ ఉండదు. నిలబెట్టుకోక తప్పని మాటను ఇచ్చినట్టు రాసిపెట్టటమే నిజాయితీ. అయితే ఇది వ్యాఖ్యలు సర్దే పనిలో భాగంగా, ఇరవై చిన్న మార్పుల మధ్య ఇరవై ఒకటవదిగా జరగకూడదు. ఈ ఒక్క వాక్యం లైబ్రరీని అమలుచేసేవారందరి చేతులూ కడుతుంది కాబట్టి అది విడిగా చర్చకు రావాలి.

9.6 ‘అలాంటిదే, కానీ’

ఈ మాడ్యూల్‌లో చాలా వివరణలు ‘ఫలానాదానిలాగే, కానీ’ అని మొదలవుతాయి. ‘మ్యాప్ ఐ’ అనేది ‘మ్యాప్’లాగే, కానీ 0 నుంచి లెక్కించిన స్థానం కూడా ఫంక్షన్‌కు అందుతుంది. ‘మెమ్ క్యూ’ అనేది ‘మెమ్’లాగే, కానీ నిర్మాణపరమైన సమానత్వానికి బదులు భౌతిక సమానత్వం చూస్తుంది. పొదుపైన పద్ధతి. మాన్యువల్‌ను పుస్తకంలా మొదటి నుంచి చదివేవారికి సులువు కూడా. వెతికి నేరుగా ‘మెమ్ క్యూ’ మీదకు వచ్చినవారికి మాత్రం అది సగం వాక్యం.

పొదుపుకన్నా లోతైన చిక్కు మరొకటి. ‘లాగే’ అన్న మాట ఎంతవరకు వర్తిస్తుంది? ‘మ్యాప్’ పక్కన హెచ్చరిక ఉంటే ‘మ్యాప్ ఐ’కీ ఉన్నట్టేనా? ‘మ్యాప్’ హెచ్చరిక తీసేసిన రోజున ‘మ్యాప్ ఐ’ గురించిన మాట కూడా మారినట్టేనా? ఒకదాన్ని దిద్దితే దాన్ని ఆశ్రయించిన వాక్యాలన్నీ చప్పుడు లేకుండా అర్థం మార్చుకుంటాయి. స్టాక్, క్రమం, ఎక్సెప్షన్ వంటి వాగ్దానాలను ‘లాగే’ మీద వదలకుండా ప్రతిచోటా తిరిగి రాయటమే మంచిది. పునరుక్తి అనిపించినా సరే.

లేబుళ్ల కవల మాడ్యూల్‌లో ఈ విషయం ఇంకా పెద్దదవుతుంది. ఆర్గ్యుమెంట్లకు పేర్లు పెట్టి పిలిచే ‘లిస్ట్ లేబుల్స్’ అనే మాడ్యూల్ ఉంది. ఫంక్షన్లు అవే, వివరణలూ దాదాపు అవే. ఒకే వచనం రెండు ఫైళ్లలో ఉంటే ఒకచోట దిద్ది రెండోచోట మరచిపోవటం ఎంత సులభమో చెప్పనక్కరలేదు. ఇందుకు ఓకామెల్ బృందం తీసుకున్న చర్య ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది. లేబుళ్లున్న ఫైలునే మూలప్రతిగా నిర్ణయించి, లేబుళ్లు లేని ఫైలును ఒక చిన్న స్క్రిప్టు దాని నుంచి తయారుచేసేలా ఏర్పాటు చేశారు. లేబుళ్లు లేని ఫైలును నేరుగా దిద్దవద్దని ఫైలు పైనే రాసి ఉంటుంది. లేబుళ్లను తీసేయటం యంత్రానికి తేలిక, లేనిచోట కనిపెట్టి చేర్చటం దానికి చేతకాదు. మూలప్రతి ఎంపికలో ఆ వివేకం ఉంది.

ఇంగ్లీషు రెండవ భాషగానో, మూడవ భాషగానో చదివే మన విద్యార్థులకు ఈ ఏకరూపత మరీ అవసరం. ఒకచోట ‘రెయిజ్’, మరోచోట ‘ఫెయిల్ విత్’ అని ఉంటే ఇంగ్లీషు బాగా వచ్చినవారు రెండూ ఒకటేనని దాటిపోతారు. తెలుగు మాధ్యమంలో చదివినవారు రెండు మాటల వెనుక రెండు అర్థాలున్నాయేమోనని ఆగుతారు. ఆ అనుమానం న్యాయమైనది. సాంకేతిక వచనంలో మాట మారితే అర్థం మారాలి, మారనప్పుడు మాట మార్చకూడదు.

9.7 అక్షరాలు, ఉదాహరణలు

చివరగా రెండు చిన్న విషయాలు. ‘ఫోల్డ్ లెఫ్ట్’ టైప్‌లో పూర్వం కూడబెట్టే విలువకు ‘ఎ’, లిస్టు మూలకానికి ‘బి’ అనే అక్షరాలు ఉండేవి. ‘ఫోల్డ్ రైట్’లో సరిగ్గా తలకిందులు: మూలకం ‘ఎ’, కూడబెట్టే విలువ ‘బి’. కంపైలర్‌కు ఏ అక్షరమైనా ఒకటే. రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని నేర్చుకునే విద్యార్థికి మాత్రం ఒకే అక్షరం రెండు పాత్రలు వేసేది. ఇప్పుడు కూడబెట్టే విలువకు రెండుచోట్లా ‘ఎసిసి’, మూలకానికి రెండుచోట్లా ‘ఎ’ అని పెట్టారు. వ్యాఖ్యలో ఒక్క మాటా చేర్చకుండా వ్యాఖ్యానం మెరుగైంది. ఈ యూనిట్‌లో చూసిన దిద్దుబాట్లలో ఎవరికీ ఏ నష్టమూ చేయనిది ఇదొక్కటే.

రెండవది ఉదాహరణలు. లిస్ట్ మాడ్యూల్‌లో సూత్రాలున్నాయి కానీ, ఈ ఇన్‌పుట్ ఇస్తే ఈ ఫలితం వస్తుందని చూపే ఉదాహరణలు చాలా తక్కువ. హాస్కెల్ భాషవారు ఈ విషయంలో ముందున్నారు. వారి ప్రామాణిక లైబ్రరీ వివరణల్లో ప్రతి ముఖ్య ఫంక్షన్‌కూ ఇన్‌పుట్, ఫలితం జంటగా ఉంటాయి. వాటిని నడిపి సరిచూసే సాధనం కూడా ఉంది. ఉదాహరణ అబద్ధమైతే యంత్రమే పట్టుకుంటుంది. కానీ అక్కడా ఒక విచిత్రం చూడవచ్చు. లిస్టు మొదటి మూలకాన్నిచ్చే ‘హెడ్’ ఫంక్షన్‌కు ఖాళీ లిస్టు ఇచ్చిన ఉదాహరణలో, లోపం ఏ మార్గంలో వచ్చిందో చూపే వరుసలు కూడా అచ్చయ్యాయి. వాటిలో లైబ్రరీ సొంత ఫైలు పేరు, దానిలోని లైను సంఖ్య ఉన్నాయి. ఆ ఫైలు పైభాగంలో ఎవరైనా ఒక వరుస చేరిస్తే చాలు, కింద ఎక్కడో ఉన్న వివరణ తప్పవుతుంది. ‘హెచ్‌డి’ పక్కనున్న స్ట్రింగ్‌ను ఓకామెల్ బృందం ఎందుకు తీసేయవలసి వచ్చిందో, ‘హెడ్’ పక్కనున్న ఈ లైను సంఖ్య చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది.